కాశీబుగ్గ మోటార్ వైండింగ్ షాపులో యాంటెన్నా తీగ

హామ్ రేడియోకి (లైసెన్సుతో సరదాగా నడిపే సొంత రేడియో) సొంతంగా డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపిన రెండు సమాన తీగల యాంటెన్నా, కట్టుకునేవాళ్లు తీగ కోసం ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదు. పంపుసెట్ల మోటార్లకి వైండింగ్ చేసే షాపుల్లో మంచి రాగి తీగ దొరుకుతుంది. నేను కొన్నది శ్రీకాకుళం జిల్లాలో పలాస పక్కనున్న కాశీబుగ్గలో, జీడి ఫ్యాక్టరీల మోటార్లు రిపేరుకి వచ్చే ఒక చిన్న షాపులో.

"ఎన్ని హెచ్‌పీ మోటారమ్మా?" అని అడిగారు షాపాయన. మోటారుకి కాదండీ, రేడియో తీగ రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టాలి అన్నాను. "అలాగైతే పద్దెనిమిది గేజి గాలికి ఆగదు, పదహారు పట్టుకెళ్లండి" అన్నారు. గేజి నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. స్క్రూగేజి పెట్టి చూపించారు కూడా. తీగ మీదుండే ఎనామిల్ పూతతో కలిపి 1.7 మిల్లీమీటర్లు వచ్చింది. బ్లేడుతో పూత గీకి మళ్లీ కొలిస్తే 1.63. అంటే అసలైన 16 గేజి. అడగకుండానే ఇలా కొలిచి చూపించే షాపు నాకు ఇంకోటి తగల్లేదు.

అమ్మేది తూకం లెక్కన, కాబట్టి ఎంత కావాలో ముందే లెక్కేసుకుని వెళ్లండి. 468ని మనం వాడే ఫ్రీక్వెన్సీతో (మెగాహెర్ట్జ్‌లలో) భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు అడుగుల్లో వస్తుంది. నేను వాడే 7.1 మెగాహెర్ట్జ్‌కి దాదాపు 66 అడుగులు, ఒక్కో వైపు 33. చివర్ల మడతలకి, తర్వాత కత్తిరించుకోడానికి కలిపి 70 అడుగులు తీసుకుంటే నాలుగు వందల గ్రాముల దగ్గర తూగుతుంది. రాగి ధర రోజూ మారుతుంది, నేను వెళ్లినప్పుడు కిలో వెయ్యి దాటింది. మిగులు ముక్కలు చవగ్గా ఇస్తామంటే మాత్రం వద్దనండి, 33 అడుగుల మధ్యలో అతుకు పెట్టుకోవద్దు.

ఈ తీగకి ఒక లోపం ఉంది. వైండింగ్ కోసం మెత్తగా చేసిన రాగి కాబట్టి బరువుకి సాగుతుంది. సాగితే పొడవు పెరిగి, ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. అందుకే ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని గట్టిగా లాగి, ఆ తర్వాతే కొలిచి కోయాలి. చెట్లు ఊగుతాయి గనక ఒక వైపు తాడుని కప్పీ మీదుగా తెచ్చి, చివర ఇటుక వేలాడదీశాను. చెట్లు ఊగినా ఇటుక పైకీ కిందికీ కదులుతుంది, తీగ మీద లాగుడు అంతగా పెరగదు. రేడియో నుంచి వచ్చే కేబుల్ కలిపే చోట పూత పూర్తిగా గీకాలి, లేదంటే టంకం అంటదు. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, కాబట్టి ఆ అతుకుని నీళ్లు దిగకుండా టేపుతో బాగా చుట్టాలి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయి, సెల్‌ఫోన్లు పలకని ఊళ్లు చూసినవాళ్లం. ఈ 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, ఇంత తక్కువ ఎత్తులో కట్టిన డైపోల్ సిగ్నల్‌ని ఎక్కువగా పైకే పంపుతుంది. అది పైన అయనావరణానికి తగిలి తిరిగొచ్చి చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర పడుతుంది, పగటిపూట జిల్లాల మధ్య మాట్లాడుకోడానికి సరిగ్గా సరిపోతుంది. చెట్లు కూలినా ఒక వెదురు గెడ నిలబెట్టి ఇదే తీగని మళ్లీ ఎత్తుకోవచ్చు. హామ్ లైసెన్సు మాత్రం ముందే తీసుకుని ఉండాలి.

షాపులో దొరకనివి యాంటెన్నాని రేడియోకి కలిపే 50 ఓమ్‌ల కేబుల్, దాని చివర బిగించే పీఎల్-259 కనెక్టరు. అవి విశాఖ నుంచి తెప్పించాను. ఊళ్లో దొరికే టీవీ కేబుల్ 75 ఓమ్‌లు, మన రేడియో సెట్లు 50కి చేసినవి. మధ్యలో ఎత్తి రెండు కొసలూ కిందికి దించితే డైపోల్ కూడా 50కి దగ్గరవుతుంది.

నాట్ల రోజుల్లో మోటార్ల రద్దీకి వైండింగ్ షాపాయనకి తలెత్తే తీరిక ఉండదు, అప్పుడు వెళ్లకండి. పింగాణీ గుడ్డు ఇన్సులేటర్లు ఆ వరసలోనే ఉన్న ఎలక్ట్రికల్ షాపులో దొరికాయి, కరెంటు స్తంభాల స్టే వైరుకి వేసేవే.