పోకెమాన్ జీవుల పేర్లు: ఏళ్ళ తరబడి ఆడిన తర్వాత ఒక సమీక్ష

పోకెమాన్ ఆటల మీద వచ్చే సమీక్షల్లో బొమ్మల నాణ్యతకూ, కథకూ, పోరాటాల క్లిష్టతకూ ఎక్కువ చోటు దక్కుతుంది. వాటన్నిటినీ పక్కన పెట్టి, ఇక్కడ ఆ ఆటల్లోని జీవుల పేర్లను మాత్రమే పరిశీలిస్తున్నాను. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్ బాయ్ అనే చేతి ఆటయంత్రం కోసం రెడ్, గ్రీన్ అనే జంట ఆటలు వెలువడినప్పుడు 151 జీవులు ఉండేవి. 2022 చివర్లో వచ్చిన స్కార్లెట్, వయొలెట్ ఆటలు, వాటి అనుబంధ భాగాలు పూర్తయ్యేసరికి ఆ సంఖ్య 1025కు చేరింది. గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఫైర్‌రెడ్‌తో మొదలుపెట్టి, డీఎస్, త్రీడీఎస్, స్విచ్ యంత్రాల మీదుగా అప్పటినుంచి ప్రతి తరంలోనూ (కొత్త జీవులతో వచ్చే ఆటల విడతను తరం అంటారు) కనీసం ఒక ఆటను చివరిదాకా ఆడినవాడిని నేను. జీవులను పట్టడంలో, పెంచడంలో, మిత్రులతో మార్చుకోవడంలో, పెట్టెల్లో సర్దుకోవడంలో ఈ పేర్లను నిత్యం చదివాను, పలికాను, వెతికాను. కాబట్టి ఈ అభిప్రాయాలు జాబితా చూసి ఏర్పరచుకున్నవి కావు, వాడకంలో ఏర్పడినవి.

ఈ పేర్ల మీద ఏళ్ళుగా వినిపిస్తున్న ఫిర్యాదు ఒకటుంది: అవి వెర్రిగా ఉన్నాయనీ, ఆలోచన లేకుండా పెట్టారనీ. ఈ రెండింటినీ ఒకే దోషంగా లెక్కగట్టడం సరికాదన్నదే నా వాదన. వెర్రి పేరు వేరు, నీరసమైన పేరు వేరు. నిజమైన జీవులకు మన పెద్దలు పెట్టిన పేర్లలో కూడా చాలావాటికి అలంకారమేమీ లేదు. మానును తొలిచేది వడ్రంగిపిట్ట, ఆరుద్ర కార్తెలో నేల మీద కనబడేది ఆరుద్ర పురుగు. అయినా పెట్టినవారు ఆ జీవిని కళ్ళారా చూసి పెట్టారన్న సంగతి ఆ పేర్లలో తెలుస్తుంది. పోకెమాన్ పేరు ఎంత సూటిగా ఉన్నా, ఎంత నవ్వు పుట్టించినా నాకు అభ్యంతరం లేదు. ఆ జీవి ఆకారాన్నో, నడతనో, కథనో పట్టించుకున్న జాడ అందులో ఉండాలి, ఆట ఆడేవాడికి అది ఏదో ఒక విధంగా పనికిరావాలి.

మొదటి తరం పేర్లు గొప్పవనీ, తర్వాతివన్నీ దిగజారాయనీ పాత ఆటగాళ్ళు అంటుంటారు. దీన్ని నేను ఒప్పుకోలేను. మొదటి 151లోనే సీల్ అనే జీవి ఉంది. అది సముద్రంలో ఉండే సీల్ జంతువే, ఇంగ్లీషులో ఆ జంతువుకున్న పేరులోనే ఒక్క అక్షరం మార్చి దానికి తగిలించారు. పీతకు క్రాబీ అన్నారు. స్నేక్ అన్న మాట అక్షరాలను తిరగేస్తే ఎకాన్స్ అనే పాము వచ్చింది, కోబ్రాను కె అక్షరంతో రాసి తిరగేస్తే దాని తర్వాతి రూపమైన ఆర్బోక్ వచ్చింది. అయితే మన ప్రాంతంలో చాలామంది పిల్లలు ఈ పేర్లను ఆటల్లో చదవడానికి ముందే టీవీ కార్టూన్‌లో విన్నారు. ఇంగ్లీషు స్పెల్లింగుతో సంబంధం లేకుండా వినేవారికి ఎకాన్స్, ఆర్బోక్ అన్నవి ఏదో దూరదేశపు సర్పజాతుల పేర్లలాగే గంభీరంగా వినబడ్డాయి. పేరు లోపలి అతుకు కనబడనంత కాలం అది బాగానే నిలబడుతుందన్నది ఇందులో గమనించవలసిన విషయం. సీల్‌కు మాత్రం ఆ అవకాశం కూడా లేదు; చెవికి వినబడేది ఆ సముద్రజంతువు పేరే.

కొన్ని పేర్ల వింత రూపానికి రూపకర్తల కన్నా యంత్రమే ఎక్కువ కారణం. మొదటి ఐదు తరాల ఆటల్లో ఇంగ్లీషు పేరు పది అక్షరాలు దాటకూడదు, జపనీస్ పేరు ఐదు అక్షరాలు దాటకూడదు. రెండో తరంలోని మొసలి ఫెరాలిగేటర్ స్పెల్లింగు చివర్లో రావలసిన O అక్షరం లేకపోవడానికీ, మొదటి తరంలోని విక్ట్రీబెల్ చివర ఒక ఎల్ తగ్గడానికీ ఈ నియమమే కారణం. ఆరో తరం నుంచి ఇంగ్లీషు పరిమితి పన్నెండుకు పెరిగింది. ఏడో తరంలో మంచుమనిషినీ పీతనూ కలిపి చేసిన క్రాబామినబుల్ సరిగ్గా పన్నెండు అక్షరాలను నింపుకుంది. చోటు పెరిగాక పేర్లు మెరుగయ్యాయా అంటే, సగటున మెరుగయ్యాయనే చెప్తాను. రెండు మాటలను అతికేటప్పుడు వాటిని విరగ్గొట్టాల్సిన అవసరం తగ్గింది.

జపనీస్ మూలంలో అన్నీ కవితాత్మకంగా ఉండేవనీ, ఇంగ్లీషులోకి తెచ్చినవారే పాడుచేశారనీ మరో వాదన ఉంది. దానికి నా సమాధానం మొదటి తరంలోని మూడు పురాణ పక్షులే. జపనీస్‌లో వాటి పేర్లు ఫ్రీజర్, థండర్, ఫైర్. మంచు పక్షి, పిడుగు పక్షి, నిప్పు పక్షి అని ముఖం మీద చెప్పడం తప్ప అందులో మరేమీ లేదు. ఇంగ్లీషులో అవే ఆర్టికునో, జాప్‌డోస్, మోల్ట్రెస్ అయ్యాయి. స్పానిష్‌లో ఒకటి, రెండు, మూడు అంకెలైన ఉనో, డోస్, ట్రెస్ వాటి చివర దాక్కుని ఉన్నాయి, ఆటలో జీవుల వివరాల పుస్తకమైన పోకెడెక్స్‌లో వాటి వరుస సంఖ్యలు కూడా 144, 145, 146. ఆట ఆడుతూ మొదటి పక్షిని పట్టినవాడు ఆ పేరును కాస్త నిదానంగా చదివితే, ఇంకా రెండు ఉన్నాయని గ్రహించగలడు. హాంటర్‌కు జపనీస్ పేరు కేవలం ఘోస్ట్, నల్లని దేహమున్న అంబ్రియాన్‌కు బ్లాకీ. కడాబ్రాకు జపనీస్‌లో యుంగెరర్ అని, చెంచాలు వంచే ప్రదర్శనలతో పేరుపొందిన యూరీ గెల్లర్‌ను తలపించే పేరు పెట్టారు. ఆయన 2000లో దావాకు దిగారు. ఆ తర్వాత సుమారు రెండు దశాబ్దాల పాటు పోకెమాన్ కార్డు ఆటలో ఆ జీవితో కొత్త కార్డులు రాలేదు. 2020లో ఆయన బహిరంగంగా అభ్యంతరం విరమించుకున్నాక, 2023లో గాని ఆ కార్డు తిరిగి కనబడలేదు. ఇంగ్లీషులో ఆబ్రా, కడాబ్రా, అలకజామ్ అని మంత్రం చదివినట్టు సాగే మూడు పేర్లు ఈ విషయంలో ఎన్నో రెట్లు మేలు. ఒక్కోసారి ఇతర భాషలవాళ్ళు ఇద్దరినీ మించిపోయారు. తోక కొసన మంట వెలిగే చార్మాండర్‌కు ఫ్రెంచ్‌లో సలమేష్ అని, సలమాండర్‌నూ దీపపు వత్తినీ కలిపి పెట్టిన పేరు నాకు మొత్తం శ్రేణిలోనే అతి ప్రీతిపాత్రమైనది.

నీరసమైన పేర్ల చర్చ వస్తే 2010లో వచ్చిన ఐదో తరాన్నే అందరూ ముందుగా నిలదీస్తారు. ఆ తరంలో 156 కొత్త జీవులు వచ్చాయి, వాటిలో వస్తువుల ఆకారంలో ఉన్నవి చాలానే ఉన్నాయి. వస్తువు ఆకారంలో ఉండటమే తప్పని నేను అనుకోను, ఎందుకంటే ఆ తరంలోనే రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో స్పష్టమవుతుంది. మొదటిది ఐస్‌క్రీమ్ ఆకారంలో ఉండే వానిలైట్, వానిలిష్, వానిలక్స్. మూడింటికీ ముందున్న మాట వెనీలాయే, చివరి తోక మాత్రం మారింది. పైగా పోకెడెక్స్ చెప్పే కథ ప్రకారం వానిలైట్ ఉదయపు ఎండ శక్తి సోకిన మంచు కడ్డీల నుంచి పుట్టిన జీవి. ఆ పుట్టుకకూ వెనీలాకూ ఏ సంబంధమూ లేదు. పేరు పెట్టినవారు పై ఆకారాన్ని చూసి ఆగిపోయారు, కథ దాకా పోలేదు. చెత్తసంచి ఆకారంలోని ట్రబిష్ పేరులోనూ ఇదే లోపం ఉంది. దాని తర్వాతి రూపమైన గార్బోడార్‌లో దుర్వాసన అన్న అర్థం చేరి కొంత నయమనిపిస్తుంది, అది విషపు జాతిదని (ఆటలో ఏ దాడి ఎంత తగులుతుందో తేల్చే వర్గమే జాతి) కూడా ఊహకు అందుతుంది.

రెండో వరుస కొవ్వొత్తి, లాంతరు, షాండ్లియర్ దీపం. ఇవి కూడా వస్తువులే. కొవ్వొత్తి పేరు లిట్‌విక్, అంటే వెలిగించిన వత్తి. దారి చూపిస్తున్నట్టు నటిస్తూ మనుషుల ప్రాణశక్తిని పీల్చి వెలిగే జీవి అది. లాంతరు పేరైన లాంపెంట్‌లో ల్యాంప్‌తో పాటు విలాపం అనే అర్థమిచ్చే లామెంట్ కలిసి వినబడుతుంది. చావు దగ్గరపడిన చోట్ల తచ్చాడే జీవికి అంతకన్నా తగిన మాట దొరకదు. చివరిదైన షాండెలూర్‌లో వల విసరడం, ఆశపెట్టి లాగడం అనే అర్థమున్న లూర్ ఉంది, ఆ జీవి తన మంటలను ఊపుతూ ఎదుటివారిని మైమరపిస్తుందని పోకెడెక్స్ అంటుంది. ఒకే తరంలో, ఒకే పద్ధతిలో ఆకారాలు గీసిన తర్వాత, ఒక వరుసకు అంగడి బోర్డు లాంటి పేర్లు, మరో వరుసకు మూడు మెట్ల భయానక కథ దక్కాయి. లిట్‌విక్‌ను మొదట పట్టినప్పటి నుంచి షాండెలూర్ అయ్యేదాకా పెంచినవారికి ఆ పేర్లు మారే ప్రతిసారీ కథ ముదురుతున్న అనుభూతి కలుగుతుంది. వానిలక్స్‌ను పెంచినప్పుడు నాకు అటువంటిదేమీ కలగలేదు. క్లింక్, క్లాంగ్, క్లింక్లాంగ్ అనే పళ్ళ చక్రాలు ఈ రెండిటికీ మధ్యలో ఉంటాయి; శబ్దం సరిగ్గా కుదిరింది కానీ, మూడింటిలో ఏది ఏ దశదో కొత్తవారికి గుర్తుండదు.

ఇక వెర్రి పేర్ల విషయానికి వస్తే, వాటిలో కొన్నిటిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. తొమ్మిదో తరంలోని పందిపిల్ల లెచోంక్ అందుకు ఉదాహరణ. ఐబీరియా ద్వీపకల్పాన్ని ఆధారం చేసుకున్న పాల్డియా ప్రాంతంలో కథ జరుగుతుంది కాబట్టి, పాలు తాగే పందిపిల్లకు స్పానిష్‌లో ఉన్న లెచోన్ అనే మాటకు, బొద్దుగా ఉన్న జంతువులను ముద్దుగా పిలిచే ఇంగ్లీషు వాడుకమాటను అతికారు. పలికితే నవ్వొస్తుంది, ఆ నవ్వు దాని నడకకు అచ్చంగా సరిపోతుంది. ఉల్లికాడ పట్టుకుని తిరిగే బాతు ఫార్‌ఫెచ్డ్‌కు జపనీస్ పేరు కామోనెగి. బాతే ఉల్లికాడను మోసుకుని వచ్చిందంటూ, కోరుకున్నదానికి తోడు కావలసినది కూడా తనంతట వచ్చి చేరిన సందర్భంలో వాడే జపనీస్ సామెత నుంచి వచ్చిన మాట అది. ఇంగ్లీషులో నమ్మశక్యం కానిది అన్న అర్థమున్న మాట పెట్టారు. 2019లో దాని గాలార్ ప్రాంతపు రూపం ఉల్లికాడను బల్లెంలా పట్టిన వీరుడిగా మారినప్పుడు పేరు ముందు సర్ బిరుదు చేరి సర్‌ఫెచ్డ్ అయింది. ఒకే పోరాటంలో, మామూలుకన్నా గట్టిగా తగిలే క్రిటికల్ దెబ్బలు మూడు కొడితే గాని ఆ రూపం రాదు. కష్టపడి సంపాదించినవారికి ఆ బిరుదు న్యాయంగా దక్కినట్టే అనిపిస్తుంది.

జిరాఫరిగ్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. దానికి తోక చివర కూడా ఒక తల ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగును ఎటువైపు నుంచి చదివినా, మన వికటకవి మాట మాదిరిగా, ఒకేలా వస్తుంది. రెండు వైపులా తలలున్న జీవికి రెండు వైపులా చదవగలిగే పేరు. ఇరవై ఏళ్ళకు పైగా గడిచిన తర్వాత తొమ్మిదో తరంలో దానికి కొత్త రూపం ఇచ్చినప్పుడు, తోక తల ముందుకు వచ్చి అసలు తలను ముసుగులా కప్పింది. పేరులోని రెండు సగాలూ చోట్లు మార్చుకుని ఫారిగిరాఫ్ అయ్యాయి, అది కూడా రెండు వైపుల నుంచీ ఒకేలా చదవబడుతుంది. వెర్రితనానికి ఇంత శ్రద్ధ జతకలిసినప్పుడు నేను అభిమానిగా గర్వపడతాను. సుడోవుడో కూడా ఈ కోవలోదే. చెట్టులా దారికడ్డంగా నిలబడే ఆ జీవి నిజానికి రాతి జాతి, దాని పేరుకు ఉత్తుత్తి కట్టె అని అర్థం. పేరు విప్పి చదివినవారు దాని మీదికి తగిన జీవినే పంపుతారు.

ఈ ప్రయోజనం ఎక్కడ పూర్తిగా దెబ్బతిన్నదో చెప్పాలంటే స్కార్లెట్, వయొలెట్‌లోని పారడాక్స్ జీవుల దగ్గరికి రావాలి. భవిష్యత్తు నుంచి వచ్చినట్టు చూపే పది జీవులకు ఐరన్ ట్రెడ్స్, ఐరన్ బండిల్, ఐరన్ హ్యాండ్స్, ఐరన్ మాత్, ఐరన్ వాలియంట్ అంటూ అన్నిటికీ ఐరన్ అనే మాటనే ముందుంచారు. వాటిని చూసిన పరిశోధకులు పెట్టిన పేర్లని కథలో సమర్థన ఉంది. కథాపరంగా అది సబబే. కానీ ఆటలో స్టీల్ అనే ఒక జాతి ఉంది, ఏ దాడి ఏ జాతి మీద పనిచేస్తుందన్న లెక్కే ఆట ప్రాణం. ఐరన్ అన్న పేరున్న ఈ పదింటిలో స్టీల్ జాతివి ఐరన్ ట్రెడ్స్, ఐరన్ క్రౌన్ రెండు మాత్రమే. ఐరన్ బండిల్ మంచు, నీరు జాతుల జీవి. ఐరన్ మాత్ నిప్పు, విషం జాతులది. ఐరన్ హ్యాండ్స్ పోరాటం, విద్యుత్తు జాతులది. కొత్తగా ఆడేవారిని ఈ పేర్లు తప్పుదారి పట్టిస్తాయి. అక్షర క్రమంలో చూసే జాబితాలో పదీ ఒకేచోట గుమిగూడతాయి. జంటగా ఆడుతూ మాట్లాడుకునేటప్పుడు ఐరన్ అన్న మొదటి మాట ఏ సమాచారమూ ఇవ్వదు కాబట్టి, దాన్ని వదిలేసి రెండో మాటతోనే పని నడుపుకుంటాం. గతకాలపు జీవుల్లో ఫ్లట్టర్ మేన్, రోరింగ్ మూన్, స్లిథర్ వింగ్ వంటి పేర్లు దేనికదిగా చెవిలో నిలుస్తాయి. ఒకే ఆటలో, ఒకే ఆలోచనతో పెట్టిన పేర్లలో ఒక సగం ఇంత జీవంతోనూ, మరో సగం ఇంత నిర్లక్ష్యంగానూ ఉండటం నన్ను నిజంగా నొప్పించింది. నా లెక్కలో ఈ శ్రేణి మొత్తంలో అతి నీరసమైన పేర్లు ఇవే. ట్రబిష్ గానీ, సీల్ గానీ కావు.

డన్‌స్పార్స్ అనే జీవి తర్వాతి రూపానికి, ఆ పేరు ముందే రెండు ఇంగ్లీషు అక్షరాలు కలిపి డడన్‌స్పార్స్ అనడం వంటి చిన్న విషయాలను నేను పట్టించుకోను. ఒళ్ళు ఒక ముక్క పెరిగింది, పేరు కూడా ఒక ముక్క పెరిగింది, అంతే.

పేరు నచ్చనివారికి ఆటలోనే ఒక ఉపాయం మొదటి నుంచీ ఉంది: పట్టిన జీవికి మనకు నచ్చిన ముద్దుపేరు పెట్టుకోవచ్చు. పేర్ల మీద ఫిర్యాదు చేసే తెలుగు ఆటగాళ్ళందరికీ నేను దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. ప్రధాన ఆటల్లో ఏ భారతీయ భాషా లేదు, పేర్లు టైపు చేసే పలకలో తెలుగు లిపి లేదు, కాబట్టి రోమన్ అక్షరాల్లోనే రాసుకోవాలి. అయినా పది, పన్నెండు అక్షరాల్లో మన మాటలు చాలానే ఇముడుతాయి. రూబీ ఆటలో మొదట ఎంచుకున్న నిప్పు కోడిపిల్ల టార్చిక్‌కు నేను నిప్పుకోడి అని పేరు పెట్టాను, రోమన్‌లో తొమ్మిది అక్షరాలు సరిపోయాయి. అది ఎదిగి, పొడవాటి కాళ్ళతో ఎగిరి తన్ని పోరాడే బ్లేజికెన్ అయ్యాక, కాలి తన్నుకు పేరుపడ్డ ఆ ఎడారి పక్షి పేరు దానికి కోడిపిల్ల నాటికన్నా ఎక్కువగా కుదిరింది.