బోన్‌విట్స్ 18 అంశాల పట్టిక: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ తప్పుతుంది

ఇంట్లో ఒకరు కొత్తగా ఏదో సంఘంలో చేరి, మాటా నడవడీ మారిపోతే మిగతావాళ్లకు కంటి మీద కునుకుండదు. అది భక్తా, లేక ఎవరైనా గుప్పిట్లో పెట్టుకుంటున్నారా? తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేకుండా దొరికే సాధనాల్లో అమెరికావాడైన ఐజాక్ బోన్‌విట్స్ 1979లో తయారుచేసి, తర్వాత సవరించిన పట్టిక ఒకటి. ఆయనే జనానికి వింతగా కనిపించే ఒక చిన్న మతానికి చెందినవాడు. అందుకేనేమో, ఏ దేవుణ్ణి కొలుస్తారు, ఏ లోకాన్ని నమ్ముతారు అనే ప్రశ్న ఇందులో ఒక్కటీ లేదు. సంఘం మనుషులతో ఎలా నడుచుకుంటుందన్నదే అడుగుతుంది. ఈ పట్టికకున్న అసలు బలం అదే.

మొత్తం 18 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 10 మార్కులు. మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని లెక్క. చాలామంది అన్నీ కూడేసి, వచ్చిన అంకె పట్టుకుని భయపడిపోతారు. ఆ కూడికను నమ్మకండి. కట్టుదిట్టమైన మఠానికో, కన్యాస్త్రీల కాన్వెంటుకో మార్కులు వేస్తే నాయకుల అదుపు, బయటి లోకానికి దూరం, సొంత నిర్ణయం వదులుకోవడం మూడూ పైనే ఉంటాయి. అయినా కాన్వెంటులో తుది ప్రమాణానికి ముందు ఏళ్ల తరబడి శిక్షణ కాలం ఉంటుంది. ఇష్టం లేనివాళ్లు ఆ మధ్యలో వెళ్లిపోవచ్చు. ఆ దారి తెరిచి ఉందా లేదా అన్నది మొత్తం అంకెలో కనిపించదు.

అది తెలియాలంటే 13వ అంశం చూడాలి. మానేయకుండా ఆపడానికి, మానేసినవాళ్లను వెనక్కి తేవడానికి ఎంత ఒత్తిడి పెడతారన్నది అందులోని ప్రశ్న. రెండు వారాలు రాకపోతే ఒకరు ఫోన్ చేసి క్షేమం కనుక్కుంటే 2 వేయండి. పదిమంది ఇంటికొచ్చి కూర్చుని, 'మానేస్తే పిల్లలకు కీడు జరుగుతుంది' అంటే 7. పొలం కాగితాలో, ఒప్పుకోలు పేరుతో రాయించుకున్న రహస్యాలో దగ్గర పెట్టుకుని బెదిరిస్తే 10 వేసి, ఇక మిగతా అంశాల జోలికి పోనక్కర్లేదు. హింస, లైంగిక దోపిడీ అంశాలకూ ఇదే పద్ధతి: ఒక్కదానికి 8 దాటినా చాలు, మొత్తం ఎంతొచ్చిందని చూడొద్దు.

గురువు తన గురించి తాను చెప్పుకునే గొప్పకు ఒక అంశం, శిష్యులు ఆయనకు అంటగట్టే గొప్పకు వేరే అంశం పెట్టడం మంచి ఆలోచన. 'నేను మామూలు మనిషిని' అని ఆయన వేదిక మీద వినయంగా అంటుంటే, పక్కనే కరపత్రాల్లో అవతారపురుషుడని అచ్చేసే చోట్లు మనకు కొత్తవి కావు. 16వ అంశం కూడా గట్టిది: సంఘం మీదో గురువు మీదో జోకేస్తే ఎంత కోపగించుకుంటారు? ఒక్క సాయంత్రం కూర్చుంటే దీనికి జవాబు దొరుకుతుంది.

సంస్థ పేరు దాచి నడిపే అనుబంధ సంఘాలకూ ఒక అంశం ఉంది. జపాన్‌లో ఓమ్ షిన్‌రిక్యో అనే సంఘం 1984లో యోగా తరగతిగానే మొదలైంది. 1989లో ప్రభుత్వం మత సంస్థగా గుర్తింపు ఇచ్చింది. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలింది వాళ్లే. రిజిస్ట్రేషన్ కాగితం చూసి మార్కులు తగ్గించకండి.

లోపాలూ చిన్నవి కావు. పిల్లల గురించి ప్రత్యేకంగా ఒక్క అంశమూ లేదు. ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు మాన్పించడం గురించీ లేదు. ఈ రెండింటినీ మీరే కింద 19, 20గా రాసుకోండి. గురువూ సంఘమూ లేని చోట పట్టిక అసలు పనిచేయదు. 2018లో ఢిల్లీ బురారీలో ఒకే ఇంట్లో 11 మంది చనిపోయినప్పుడూ, 2021లో మదనపల్లెలో కన్నవాళ్లే ఇద్దరు కూతుళ్లను చంపారని కేసు నమోదైనప్పుడూ నమ్మకం ఆ నాలుగు గోడల మధ్యే ముదిరింది. అలాంటి ఇంటికి 'కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ఎంత పట్టుబడతారు' వంటి ప్రశ్న వర్తించదు.

పట్టిక చేతికి రాగానే నచ్చని మతానికల్లా మార్కులు గుప్పించే తొందర ఇంకో చిక్కు. కేరళలో యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదని బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పిల్లలు గౌరవంగా లేచి నిలబడ్డారు, ఎవరికీ హాని చేయలేదు. పాడి తీరాలన్న చట్టమూ లేదు. అదే మతంవాళ్లు రక్తం ఎక్కించుకోకపోవడం మాత్రం వేరే సంగతి. పెద్దవాళ్లు తమ ఒంటికి తాము తీసుకునే నిర్ణయాన్నీ, పసివాడి తరఫున తీసుకునే నిర్ణయాన్నీ ఒకే గాట కట్టకూడదు. మీరు చేర్చుకున్న 19, 20 పనికొచ్చేది ఇక్కడే.

నింపేటప్పుడు ప్రతి అంకె పక్కన ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని రాయండి. విన్నమాటే అయితే గడి ఖాళీగా వదిలేయండి. ఇద్దరు విడివిడిగా నింపి, మూడు మార్కులకు మించి తేడా వచ్చిన అంశాల దగ్గర కూర్చుని మాట్లాడుకోండి. ఆరు నెలలకు మళ్లీ నింపితే పరిస్థితి ఎటు పోతోందో తెలుస్తుంది. ఈ షరతులతో పట్టికకు అయిదుకు మూడున్నర ఇవ్వొచ్చు.

నింపిన కాగితాన్ని మాత్రం ఆ సంఘంలో ఉన్న మనిషి ముందు పెట్టకండి. 'ఇంట్లోవాళ్లు అడ్డుపడతారు' అని అక్కడ ముందే చెప్పి ఉంటారు; మీ అంకెలు ఆ జోస్యాన్ని నిజం చేస్తాయి. ఫోన్లు ఆపొద్దు, పండక్కి పిలవడం మానొద్దు. పిల్లలకు ప్రమాదమనిపిస్తే 1098కి, ప్రాణాపాయమైతే 112కి వెంటనే చేయండి.