ఆర్టీఈ ఫ్రీ సీటు: కర్నూలులో ఎవరికి అందుతుంది, ఎక్కడ చిక్కుపడుతుంది

ప్రైవేటు బడిలో ఒకటో తరగతి సీటు, లాటరీ మీద, ఫీజు భారం లేకుండా. జనం దీన్ని ఫ్రీ సీటు అంటారు. కాగితం మీద పేరు విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) 2009, సెక్షన్ 12(1)(సి). ప్రైవేటు బడులు తమ సీట్లలో నాలుగో వంతు పేద పిల్లలకు ఇవ్వాలన్నది రూలు. ఇది చెల్లుతుందని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే తేల్చింది. మన రాష్ట్రంలో దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది మాత్రం 2022లో. ఆ పదేళ్లలో ఎందరో పిల్లలు ఒకటో తరగతి దాటిపోయారు, అది వేరే లెక్క.

కర్నూలు జిల్లా తల్లిదండ్రుల వైపు నుంచి మార్కులు వేస్తే దరఖాస్తుకు ఐదుకు నాలుగు, సీట్ల పంపకానికి రెండున్నర, సీటొచ్చాక బడిలో నడిచేదానికి రెండు.

దరఖాస్తు నిజంగానే సులువు. సచివాలయంలో చేయించుకోవచ్చు, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో చేయించుకోవచ్చు, పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైట్లో ఫోన్‌తోనే పెట్టుకోవచ్చు. బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్, కుల, ఆదాయ పత్రాలు, అడ్రస్‌కు ఏదో ఒక ఆధారం చేతిలో ఉంటే అరగంట పని. ఉపాధి హామీ జాబ్ కార్డు, కరెంటు బిల్లు, బాడుగ అగ్రిమెంటు కూడా అడ్రస్‌కు పనికొస్తాయి. ఈ సంగతి చాలామందికి తెలీక రేషన్ కార్డు దిద్దించుకునే పనిలో తిరుగుతూ గడువు పోగొట్టుకుంటారు.

తప్పులు ఎక్కువగా జరిగేది పుట్టిన తేదీ దగ్గర. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డకు వచ్చే జనన ధ్రువపత్రంలో చాలాసార్లు పేరు గడి ఖాళీగా ఉంటుంది. ముందు పేరు ఎక్కించుకోవాలి, నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే అందదు. ఇంకో మెలిక ఉంది: సీబీఎస్‌ఈ బడికి మార్చి ఆఖరుకు, స్టేట్ సిలబస్ బడికి మే ఆఖరుకు బిడ్డకు ఐదేళ్లు నిండాలి. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన బిడ్డకు ఆ ఏడు సీబీఎస్‌ఈ బడులు దక్కవు. బడి పేరు చూసి కాకుండా తేదీ చూసి ఎంచుకోవాలి. ఒకే బడి పెట్టి కూర్చుంటే లాటరీ అక్కడితోనే సరి. పోయిరావడానికి వీలున్న బడులన్నీ పెట్టండి.

ఇక దూరం. ఇంటికీ బడికీ మధ్య కిలోమీటరు లోపుంటే ముందు వరస, మూడు కిలోమీటర్ల లోపుంటే తర్వాతి వరస. వినడానికి న్యాయంగానే ఉంది. జగన్నాథగట్టు మీద ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇల్లు వచ్చిన కుటుంబాన్ని తీసుకోండి. ఆధార్‌లో అడ్రస్ గట్టుకు మారిన రోజే బుధవారపేట, సి క్యాంపు చుట్టుపక్కల బడులన్నీ ఆ గీత దాటిపోతాయి. పేదోళ్లకు ఇల్లు ఊరి బయట ఇచ్చారు, పేరున్న బడులు ఊరి నడుమ ఉన్నాయి. దూరం రూలు రాసినవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. నిజంగా ఊళ్లోనే బాడుగకు ఉంటున్నవాళ్లు అగ్రిమెంటు పెట్టడంలో తప్పు లేదు. ఉత్తుత్తి అగ్రిమెంటు మాత్రం పెట్టొద్దు. పత్రాల పరిశీలనలో బయటపడితే వచ్చిన సీటు కూడా పోతుంది.

ఈ రివ్యూలో అసలు చెప్పాల్సింది సీట్ల లెక్క. 25 శాతంలో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథ పిల్లలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు 5. మిగిలిన 6 శాతం బీసీలు, మైనారిటీలు, ఓసీలు అందరికీ కలిపి. వాళ్లకు ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 1.2 లక్షలు, పట్నాల్లో 1.44 లక్షలు. ఒకటో తరగతిలో 80 సీట్లున్న బడి అనుకుంటే ఎస్సీలకు 8, ఎస్టీలకు సుమారు 3, అనాథలు, దివ్యాంగుల వర్గానికి 4, మిగతా అందరికీ 5. ఇప్పుడు కర్నూలు జిల్లా చూడండి. ఇక్కడి బీద జనంలో బోయలు బీసీ-ఎ, కురువలు, దూదేకులవాళ్లు బీసీ-బి, ఎక్కువమంది ముస్లింలు బీసీ-ఇ. ఆదోని నుంచి పత్తికొండ దాకా ఎక్కువగా వినపడే కులాలన్నీ ఆ అయిదు సీట్ల కిందికే వస్తాయి. వాళ్ల పక్కనే ఓసీ పేదలూ నిలబడాలి. ఎస్సీ కోటాను తప్పుపట్టే మాట కాదిది. అణచివేతకు లెక్క వేరు, అది ఉండాల్సిందే. రాష్ట్రమంతటికీ ఒకటే కొలత పెట్టడం మీదే పేచీ. అందుకే ఎస్సీ కుటుంబాలు తప్పకుండా పెట్టుకోండని, బీసీ కుటుంబాలు పెట్టండి గానీ దీన్నే నమ్ముకుని ఊరి బడిలో పేరు ఆపొద్దని చెప్తాం.

పాత మిషనరీ కాన్వెంటు కోసం వెతికి, జాబితాలో పేరు లేదని సచివాలయం వాళ్ల మీద అరిచేవాళ్లుంటారు. తప్పు వాళ్లది కాదు. మైనారిటీ యాజమాన్యంలోని బడులకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. జనం కాన్వెంటు సీటు అంటారు గానీ, అసలైన కాన్వెంట్లే ఇందులో ఉండవు!

సీటొచ్చాక మొదటి గండం డబ్బుది కాదు, నాలుగు గీతల నోటుబుక్కుది. ఇక్కడ సీటిచ్చేది ఒకటో తరగతికి. ప్రైవేటు బడి నడక మొదలయ్యేది నర్సరీతో. పక్కన కూర్చున్న పిల్లాడు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడేళ్లు చదివి వచ్చాడు. మూడక్షరాల ఇంగ్లిష్ మాటలు డిక్టేషన్ రాస్తాడు, వంద దాకా అంకెలు వేస్తాడు, గీతల మధ్య కలిపిరాత రాస్తాడు. అంగన్‌వాడీ నుంచి వచ్చిన బిడ్డకు పాటలొచ్చు, కథలొచ్చు, పెన్సిల్ పట్టు ఇంకా కుదరలేదు. టీచరు మొదటి రోజే బోర్డు మీద ఆరు లైన్లు రాసి కాపీ చేయమంటే ఈ బిడ్డ రెండో లైను దగ్గరే ఉంటుంది. జూలైకల్లా 'స్లో' అని ముద్ర. బడిలో ఎల్‌కేజీ, యూకేజీ ఉంటే అక్కడి నుంచే 25 శాతం వర్తించాలని చట్టంలో ఉంది. మన దగ్గర ఒకటో తరగతికే ఆపేశారు. ఈ పథకంలో ఇంతకు మించిన లోపం లేదు.

దీనికి ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. లాటరీకీ బడి తెరవడానికీ మధ్య ఎన్ని రోజులుంటే అన్ని రోజులు వాడుకోవాలి. రోజుకు అయిదు చొప్పున మూడక్షరాల మాటలు, అరపేజీ గీతల రాత, ఇరవై అంకెలు. గంట చాలు, అంతకు మించితే బిడ్డ విసుగుపడుతుంది. బడి తెరిచాక హోంవర్కు వాట్సాప్‌లో ఇంగ్లిష్‌లో వస్తుంది. చదవలేని తల్లి ఆ మెసేజ్ చూసి ఫోన్ పక్కన పెట్టేస్తే మర్నాడు బిడ్డ నిలబడాల్సి వస్తుంది. తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టమని క్లాస్ టీచర్ని మొదటి వారంలోనే అడగండి. అడిగితే చాలామంది పెడతారు, అడక్కపోతే ఎవరూ పెట్టరు.

డబ్బు సంగతి. బడికి ప్రభుత్వం మొదట ఖరారు చేసిన రేటు ఏడాదికి పట్నంలో 8,000, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతంలో 5,100. ఆ డబ్బును తల్లికి వచ్చే అమ్మఒడి సాయంతో ముడిపెట్టారు. ఫీజు లేదని చేరిన తల్లి చేతిలోంచే ఫీజు కట్టించడం ఇది. పైగా 2024లో అలాంటి సాయమేదీ తల్లుల ఖాతాల్లో పడలేదు. అమ్మఒడి స్థానంలో తల్లికి వందనం మొదలైంది 2025 జూన్‌లో. మధ్యలో ఆ ఏడు బడికి డబ్బు రాకపోతే ఒత్తిడి ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? యాజమాన్యాల గోడులోనూ నిజముంది. చిన్న బడికి ఇరవై మంది ఫీజు ఏడాదిపాటు ఆగితే టీచర్ల జీతాలు ఆగుతాయి. ఆ కోపం పిల్లల మీద చూపించడానికి మాత్రం వీల్లేదు.

పుస్తకాల సెట్టు, యూనిఫాం, బూట్లు, టై, బెల్టు, బస్సు, యానివర్సరీ డే... ఇవి వేరు. సీటు ఖాయం చేసుకునే రోజే ఏమేం కట్టాలో కాగితం మీద రాసివ్వమనండి. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. చేర్చుకునేటప్పుడు డొనేషన్ అడిగితే ఆ మొత్తానికి పది రెట్లు, బిడ్డకో తల్లిదండ్రులకో పరీక్షో ఇంటర్వ్యూనో పెడితే మొదటిసారి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా అని సెక్షన్ 13 చెబుతుంది. ఫిర్యాదు ఎంఈఓకు, అక్కడ కదలకపోతే జిల్లా విద్యాధికారికి (డీఈఓ). రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. ఇంకోటి, చట్టం హామీ ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదికి ఏం చేయాలో ఏడులోనే ఆలోచించుకోవాలి.

సుగ్గికి, అంటే కోతల కాలంలో ఊరు విడిచి కూలికి పోయే కుటుంబాలకు ఈ సీటు సరిపోదని మా అభిప్రాయం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి గుంటూరు మిరపకోతలకు పిల్లలతో సహా పోతే, ప్రైవేటు బడిలో రెండు నెలల గైర్హాజరు అయ్యాక తిరిగి కూర్చోబెట్టడం కష్టం. వాళ్లకు ఊళ్లోనే ఉండే సీజనల్ హాస్టల్ మేలు, ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా బాలికా విద్యాలయం ఉంది. అయినా పెట్టుకుంటామంటే ఒక జాగ్రత్త. నోటిఫికేషన్ తేదీ ఏటా మారుతోంది, మార్చిలో వచ్చిందంటే ఇంకా కోతల్లోనే ఉంటారు. లాటరీ ఫలితం మెసేజ్‌గా వచ్చేది దరఖాస్తులో ఇచ్చిన నంబరుకే, గడువులోగా బడికి పోకపోతే సీటు పక్కవాళ్లకు పోతుంది. రీఛార్జి అయిపోయే నంబరు కాకుండా, ఊళ్లో ఉండే అవ్వదో చిన్నాయనదో ఇవ్వండి.