ఇంటి చదువులో కెమిస్ట్రీ: డబ్బా కిట్టు కంటే కాటా నయం

మా ఇద్దరు పిల్లలకూ చదువు ఇంట్లోనే. పెద్దది నాలుగో తరగతి వయసులో కెమిస్ట్రీ మొదలుపెట్టింది. చిన్నవాడు రెండో తరగతి వయసు నుంచే అక్క పక్కన కూర్చుంటున్నాడు. మూల పాఠాలకు తీసుకున్నది అమెరికాలో హోమ్‌స్కూల్ కుటుంబాల కోసం తయారైన ఒక పుస్తకాల సెట్టు. అది చెడ్డదేమీ కాదు. పరమాణువు, అణువు, మూలకం, మిశ్రమం, ఆమ్లం, క్షారం అంటూ వరస బాగుంది, బొమ్మలూ బాగున్నాయి. వచ్చిన చిక్కల్లా ప్రయోగాల దగ్గరే. జరగబోయేది పాఠంలో ముందే చెప్పేస్తారు, తర్వాత పిల్లలు అది చేసి చూసి తలూపాలి. కొలిచేది ఏమీ ఉండదు. సరుకులేమో అక్కడి సూపర్ మార్కెట్‌వి. అందుకని రెండేళ్ళకు పైగా పక్కన ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చాం. వాటిలో ఏవి నిలిచాయో, ఏవి అటకెక్కాయో చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఒక చిన్న డిజిటల్ కాటా. అయిదారు వందల్లో దొరుకుతుంది. గ్రాములో పదో వంతు వరకు చూపించేదే కొనాలి. వంటింటి కాటాల్లో చాలావాటికి గ్రాము కంటే తక్కువ తెలియదు, అవి ఈ పనికి చాలవు. సరిగ్గా చూపిస్తోందో లేదో తెలుసుకోవడానికి తూకపురాళ్ళు కొననక్కర్లేదు. పది రూపాయల బిళ్ళ పెట్టండి, 7.7 గ్రాములు చూపించాలి. పిల్లలు ప్రతిసారీ ముందు బిళ్ళ పెట్టి చూసుకుంటారు, ఆ అలవాటు ఎలా వచ్చిందో గాని నాకు భలే నచ్చింది. ఇబ్బందులూ ఉన్నాయి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే చివరి అంకె ఒక చోట నిలవదు. కదపకుండా వదిలేస్తే కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది, గిన్నె బరువు తీసేసి సున్నా చేసి పెట్టుకున్నదంతా పోతుంది. గిన్నె బరువు ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

దీంతో ఏం చేస్తారంటే, మొదటిది చక్కెర. గ్లాసులో నీళ్ళు, పక్కనే కాగితం మీద చక్కెర, రెండూ కలిపి తూచాలి. చక్కెర నీళ్ళలో వేసి పూర్తిగా కరిగాక, ఆ కాగితంతో సహా మళ్ళీ తూచాలి. కరిగాక బరువు తగ్గుతుందని చిన్నవాడు పందెం కట్టాడు. ఆ వయసు పిల్లలు చాలామంది అలాగే అనుకుంటారు, కంటికి కనబడనిది లేనట్టే కదా. అంకె మారలేదు. ఆ తర్వాత 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఉప్పు ఎంత పడుతుందో చూశారు. మామూలు గది వేడిలో సుమారు 36 గ్రాముల దగ్గర ఆగింది, ఇంకా వేస్తే అడుగున మిగిలిపోతోంది. చక్కెర అయితే అదే నీళ్ళలో 200 గ్రాముల దాకా వెళ్తుంది. అంత చక్కెర కరిగించడానికి మా పెద్దదానికి మధ్యాహ్నమంతా పట్టింది, పాకం మాత్రం వృథా పోలేదు.

వంట సోడా, వెనిగర్ పొంగించడం ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కాటా మీద చేస్తే అదే ఆట పాఠమవుతుంది. 5 గ్రాముల సోడాలోంచి రాగల కార్బన్ డయాక్సైడ్ దాదాపు 2.6 గ్రాములు. మూత లేని గ్లాసులో చేస్తే ఆ మేరకు బరువు తగ్గాలి. కాస్త వాయువు నీళ్ళలోనే ఉండిపోతుంది గనక మాకు రెండు గ్రాముల పైచిలుకు తగ్గుతుంది. "మరి గాలి బయటికి పోకుండా పట్టేస్తే?" అన్నది తర్వాత ప్రశ్న. చాలా చోట్ల సీసా మూతికి బుడగ తొడిగి, బరువు మారదు చూడండి అంటారు. నిజంగా తూచి చూస్తే మారుతుంది. బుడగ ఉబ్బిన మేరకు చుట్టూ ఉన్న గాలి దాన్ని పైకి నెడుతుంది. లీటరు ఉబ్బితే 1.2 గ్రాములు తక్కువ చూపిస్తుంది. పదేళ్ళ పిల్లకు ఇది చెప్పడం కష్టమే గాని చెప్పకుండా దాటేయడం నాకిష్టం లేదు. మాకు కుదిరిన పద్ధతి ఇది: లీటరు కూల్‌డ్రింక్ సీసాలో అరకప్పు కంటే తక్కువ వెనిగర్ పోసి, ఒక్క గ్రాము సోడాను టిష్యూ కాగితంలో చుట్టి లోపలికి జారవిడిచి వెంటనే మూత బిగించాలి. సీసా గట్టిపడుతుంది కాని సైజు మారదు, అంకే మారదు. మూత తీస్తే బుస్సుమని 0.3, 0.4 గ్రాములు దిగుతుంది. సోడా గ్రాము దాటకూడదు, గాజు సీసాతో అసలు చేయకూడదు.

ఫ్రాన్సులో రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ చేసిన పనీ ఇదే. మూసిన పాత్రల్లో, మంచి త్రాసులతో, మార్పుకు ముందూ తర్వాతా తూచడం. ఆయన పుస్తకం 1789లో వచ్చింది. మా సెట్టులో ఆయన గురించి ఒక పేజీ ఉంది, పిల్లలు దాన్ని మొదటిసారి చదివినప్పుడు ఏమీ అనలేదు. సీసా తూచాక చదివినప్పుడు "ఈయన దగ్గర బ్యాటరీ కాటా లేదుగా, ఎలా తూచాడు?" అని అడిగారు.

కాటా తర్వాత రెండోది ఇంట్లో ఉన్నదే, పసుపు. ఆమ్లం, క్షారం గుర్తుపట్టడానికి పుస్తకాల్లో చెప్పే రెడ్ క్యాబేజీ కోసం వెతకాల్సిన పని లేదు. పండక్కి మా అత్తగారు హారతికి ఎర్రనీళ్ళు కలుపుతుంటే చిన్నవాడు చూసి "నానమ్మా, రంగేం వేశావు?" అన్నాడు. "రంగేంట్రా, పసుపూ సున్నమే" అందావిడ. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి కూడా అదే కదా. అక్కడి నుంచి వారం రోజులు ఇంట్లో ఏదీ వదల్లేదు. డ్రాయింగ్ షీటు ముక్కలను పసుపు నీళ్ళలో ముంచి నీడలో ఆరబెట్టి, సబ్బు, సర్ఫు, వంట సోడా, మజ్జిగ, చింతపండు, టూత్‌పేస్టు అన్నీ పూసి చూశారు. పసుపు సున్నం, సబ్బు లాంటి క్షారానికే ఎర్రబడుతుంది, ఆమ్లాన్నీ మంచినీళ్ళనూ వేరు చేసి చెప్పలేదు. దానికి మందార పువ్వు కావాలి. రేకులు వేడినీళ్ళలో నానబెట్టిన రసం నిమ్మరసంలో ముదురు గులాబీ రంగు, సోడాలో ఆకుపచ్చ. ఫ్రిజ్‌లో కొన్నాళ్ళు ఉంటుంది, బయట ఉంచితే పాడవుతుంది. ఎర్రబడిన పసుపు కాగితం మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. కొనుక్కొచ్చిన కుంకుమ మీద వేసి చూస్తే రంగు కదల్లేదు. అది పసుపుతో చేసింది కాదన్నమాట. పెద్దది నోట్సులో దాని పక్కన రెండు గీతలు గీసుకుంది.

సున్నంతో ఇంకో పని: తాంబూలం సున్నం చిటికెడు గ్లాసెడు నీళ్ళలో కలిపి, రాత్రంతా మూతపెట్టి పైన తేరిన తేట తీసుకుని, స్ట్రాతో మెల్లగా ఊదితే మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పాలలా తెల్లబడుతుంది. ఇంకా ఊదుతూనే ఉంటే మళ్ళీ తేటపడుతుంది. వెల్ల వేసిన గోడ గట్టిపడేదీ గాలిలోని ఆ కార్బన్ డయాక్సైడ్‌తోనే అని చెప్పాను. సున్నం మాత్రం నా చేతుల్లోనే ఉంటుంది, పిల్లలకు కళ్ళజోడు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. ఊదాలే తప్ప పీల్చకూడదని ముందు మామూలు నీళ్ళతో సాధన చేయించాను.

అణువుల బొమ్మల సెట్టు, అదే గోళీలూ పుల్లలూ ఉండేది, వెయ్యి లోపే వచ్చింది. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు. ఈ రంగులు 1865లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లో క్రోకే ఆట బంతులతో చేసి చూపించిన నమూనాల నాటి నుంచీ వస్తున్నాయి. నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, వెనిగర్‌లోని ఆమ్లం దాకా పిల్లలు హాయిగా కడతారు. వంగే పుల్లలు కూడా ఉన్న సెట్టే తీసుకోండి, అవి లేకపోతే రెండు పుల్లలతో కలిపే జంట బంధం కట్టలేరు. దీంతో ఒక పేచీ ఉంది. పిల్లలు మొదట అడిగేది ఉప్పు కట్టమని. ఉప్పులో విడి అణువులు ఉండవు, విద్యుదావేశం ఉన్న సోడియం, క్లోరైడ్ కణాలు (అయాన్లు) నలువైపులా, పైనా కిందా వరసగా పేర్చుకుంటూ పోతాయి. సెట్టులో దానికి తావు లేదు. మేం చపాతీ పిండి ఉండలు రెండు రంగుల్లో చేసి పేర్చాం. అయిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఈ గోళీలు నోట్లోకి పోకుండా చూసుకోవాలి.

కంప్యూటర్ మీద అయితే ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే కదిలే బొమ్మల ప్రయోగాలు. కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి, అన్నీ ఉచితం, దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. పదార్థ స్థితుల బొమ్మ ఈ వయసుకు బాగా పనికొస్తుంది. మంచు ముక్కలో నీటి అణువులు మధ్యలో ఖాళీలు వదిలి అమరడం కనిపిస్తుంది, మంచు నీళ్ళ మీద తేలడం గురించి నేను వేరే చెప్పాల్సిన పని పడలేదు. అయితే పిల్లల్ని వాళ్ళకు వదిలేస్తే తెర మీది బొమ్మలో మంట పెంచి డబ్బా మూత ఎగరగొట్టడం తప్ప ఇంకేం చేయరు. పక్కన కూర్చోవాలి. అమెరికన్ కెమికల్ సొసైటీ వాళ్ళు ప్రాథమిక తరగతులకు ఇచ్చే పాఠాలూ ఉచితమే. వాటిలో చెప్పేదాని కంటే అడిగేది ఎక్కువ, మా పుస్తకాల సెట్టులో లేనిదే అది. తెలుగు మాటల కోసం మన రాష్ట్ర ప్రభుత్వాల 6, 7 తరగతుల సామాన్య శాస్త్రం పుస్తకాలు పక్కన పెట్టుకున్నాం.

ఇక రంగురంగుల ప్రయోగాల డబ్బా. పుట్టినరోజు కానుకగా వచ్చింది. ఒక్కసారికి సరిపోయే పొట్లాలు, అంకెల వారీగా కలపండి అనే కార్డులు. ఏం కలుపుతున్నారో పొట్లం మీద ఉండదు. ఒక పొట్లంలోని నీలం పలుకులు మైలుతుత్తంలా కనబడితే తీసి దాచేశాను, అది నోట్లోకి పోతే విషం. మిగతావి ఒక ఆదివారంలో అయిపోయాయి. అదే డబ్బు పెట్టి పచారీ కొట్లో పటిక కొంటే నెలల తరబడి స్ఫటికాలు పెంచుకోవచ్చు. ఉప్పు వేడినీళ్ళలోనూ చన్నీళ్ళలోనూ ఇంచుమించు ఒకేలా కరుగుతుంది. పటిక అలా కాదు, వేడినీళ్ళలో ఎన్నో రెట్లు ఎక్కువ కరిగి, చల్లారుతుంటే బయటికి వస్తుంది. అందుకే దారానికి కట్టిన పలుకు త్వరగా పెరుగుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కాటా, పటిక, పసుపుతో ఆరు నెలలు నడిపించి, అప్పుడు అణువుల సెట్టు కొనండి. ఏడేళ్ళ లోపు పిల్లలకైతే ఆ సెట్టు కూడా వద్దు, రంగులు మారడం, కరగడం, తూచడం చాలు. గోడకు తగిలించే 118 మూలకాల పట్టిక మా ఇంట్లోనూ ఉంది. ఫ్రిజ్ తలుపు మరక కనబడకుండా కప్పుతోంది.