చాట్స్‌వర్త్ తోట తప్పకుండా చూడండి, బస మాత్రం షెఫీల్డ్‌లో చేయండి

గదిలో పులిహోర తిన్నామని మా డిపాజిట్‌లోంచి నలభై పౌండ్లు పట్టుకున్నారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు, అందుకే ముందు బస సంగతి చెప్పి తర్వాత తోటలోకి వస్తాను. ఇంగ్లాండ్‌లో ఉండే మనవాళ్ళు వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఇలాంటి చోట్లకి తీసుకెళ్తుంటారు, వాళ్ళకైనా ఉపయోగపడుతుంది.

మేముండేది లీడ్స్‌లో. అమ్మానాన్న అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె నుంచి జూన్‌లో వచ్చారు. నాన్నది అరటి సాగు, ఐదెకరాలూ జీ-9 రకమే. లండన్‌లో బిల్డింగులు చూపిస్తే ఆయన మొహంలో ఏమీ కనపడలేదు, అందుకని డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ అనే పెద్ద భవంతి తోట చూపిద్దామనుకున్నాను. మా ఆయనకి సెలవు దొరకలేదు, మేం ముగ్గురమే బయల్దేరాం.

చాట్స్‌వర్త్‌కి దగ్గర్లో ఉండే బేక్‌వెల్ ఊరి పక్కన ఒక పల్లెలో గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. రాత్రికి 138 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి, డిపాజిట్ 100. నాన్నకి మోకాలు ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు కాబట్టి కింది అంతస్తు గదే కావాలని బుకింగ్‌లో రాశాను, సరేనని జవాబు కూడా వచ్చింది. తీరా వెళ్తే ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేశామని చెప్పి పైకప్పు కింద గది చూపించారు, మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టని మెట్లు, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ. నాన్న ఒక్కో మెట్టూ కూర్చుని లేచినట్టు ఎక్కుతుంటే ఆ ఇంటావిడ కింద నిలబడి చూస్తూ ఉంది తప్ప సారీ అన్న మాట రాలేదు. ముగ్గురికని చెప్పిన గదిలో రెండే మంచాలు, మూడో మడతమంచానికి ఇంకో 15 పౌండ్లు. రాత్రి ఎనిమిదిన్నరకి ఆ ఊళ్ళో తినడానికి ఏమీ తెరిచి లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నాం. పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌లో శాకాహారం అని రెండుసార్లు చెప్పినా, సాసేజ్‌లు తీసిన పట్టకారుతోనే అమ్మ ప్లేటులో టమాటాలు వేశారు. అమ్మ ఏమీ అనకుండా ఆ ప్లేటు పక్కన పెట్టి ఉత్త బ్రెడ్డు తింది. గది ఖాళీ చేసేటప్పుడు చెప్పారు, వాసన పోవడానికి ప్రత్యేకంగా క్లీనింగ్ చేయించాలి, నలభై పౌండ్లు తీసుకుంటున్నామని. గదిలో తినకూడదని వాళ్ళ రూల్స్‌లో ఎక్కడా లేదు. చింతపండు, ఇంగువ వాసనకి క్లీనింగేంటి? నేను గట్టిగానే మాట్లాడాను. నాన్నే నా చెయ్యి పట్టుకుని, "పోనీలేమ్మా, పాపపు డబ్బు, పోదాం పా" అన్నారు. టాక్సీలో కూర్చున్నాక మాత్రం, "ఇంత దూరమొచ్చి ఈ మాటలు పడాల్నా?" అని ఒక్క మాట అని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆ టాక్సీకి 14 పౌండ్లు.

ఇంత చెడ్డ మనసుతో తోటలో అడుగుపెట్టాం, అయినా ఆ తోట గెలిచింది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంటికీ తోటకీ కలిపి ఒక టికెట్, తోటకి మాత్రం విడిగా ఒకటి ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్తే తోట టికెట్ చాలు. డెవన్‌షైర్ డ్యూకులనే ప్రభువుల వంశం వాళ్ళ ఇల్లు అది, బయట నుంచే కళ్ళు చెదిరేంత ఉంటుంది, లోపల గదులూ పెయింటింగ్సూ తిరిగితే తోటకి కాళ్ళలో బలం మిగలదు. తోట 105 ఎకరాలు, అదీ కొండవాలు మీద. దాని చుట్టూ కనిపించే పచ్చిక మైదానమంతా 18వ శతాబ్దంలో కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల రూపశిల్పి దిద్దింది.

కొండ మీంచి మెట్లు మెట్లుగా నీళ్ళు దిగే కాస్కేడ్ అని 300 ఏళ్ళ నాటిది ఒకటుంది, మేం వెళ్ళినప్పుడు మరమ్మతులకని నీళ్ళు ఆపేసి ఉంచారు. కొంచెం నిరాశ, అంతే. నాన్నని నిలబెట్టేసింది ఇంకోటి, ఇంటికి దక్షిణాన పొడవాటి కాలువలాంటి కొలనులో లేచే ఎంపరర్ ఫౌంటెన్. రష్యా చక్రవర్తి నికొలస్ వస్తాడని 1844లో హెడ్ గార్డెనర్ జోసెఫ్ పాక్స్‌టన్ హడావుడిగా కట్టించాడు, చక్రవర్తి రానే లేదు. 90 మీటర్ల దాకా లేచిన రికార్డు ఉంది, మేం చూసిన రోజు అందులో సగం కూడా లేదనుకుంటా, అయినా చాలు. నాన్న మోటారు గది కోసం వెతుకుతున్నారు. మోటారు లేదు నాన్నా, పైన కొండ మీద చెరువు తవ్వి అక్కణ్ణుంచి పైపులో కిందికి వదులుతారు, ఆ ఒత్తిడికే నీళ్ళు లేస్తాయి అని చెప్తే నమ్మలేదు. "కరెంటు ల్యాకుండానా?" అని నన్ను మళ్ళీ మళ్ళీ అడిగి, అక్కడ పనిచేస్తున్న తోటమాలి ఒకామెని కూడా అడిగించారు. ఆమె కరెంటు లేదని చెప్పడమే కాదు, 1893 నుంచి ఆ చెరువు నీళ్ళతోనే టర్బైన్లు తిప్పి ఇంటికి కరెంటు కూడా తయారుచేశారని చెప్పింది. వెయ్యి అడుగుల బోర్లు వేసి, రాత్రి త్రీఫేజ్ ఎప్పుడొస్తుందా అని మేలుకుని ఉండే మనిషికి అది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అక్కడి బెంచీ మీద ముప్పావుగంట కూర్చున్నారు, నేను లేపలేదు.

తర్వాత అసలు విషయం. మనం తినే జీ-9 అరటి కావెండిష్ జాతిది. కావెండిష్ అంటే ఈ ఇంటి డ్యూకుల ఇంటిపేరే. మారిషస్ మీదుగా వచ్చిన ఒక పొట్టిరకం అరటి మొక్కని పాక్స్‌టన్ ఇక్కడి గాజుగదిలో పెంచితే 1835 నవంబరులో పువ్వు వేసింది, తర్వాతి ఏడాది గెల దిగింది. యజమాని ఆరో డ్యూక్ విలియం కావెండిష్ పేరే దానికి పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పనామా తెగులుకి, అప్పటిదాకా మార్కెట్‌ని ఏలిన గ్రో మిషెల్ రకం అరటి తోటలు తుడిచిపెట్టుకుపోతే ప్రపంచ మార్కెట్‌లో దాని చోటులోకి వచ్చింది ఈ కావెండిషే. ఇది చెప్పేసరికి నాన్న మొహం మారిపోయింది. "అయితే మన తోటకి పేరు ఈడ్నుంచి వచ్చిందా?" అన్నారు, పొద్దుట్నుంచి ఆయన గొంతులో ఆ హుషారు వినపడటం అదే మొదలు.

అదే పాక్స్‌టన్ ఉష్ణదేశాల మొక్కల కోసం ఇక్కడ గ్రేట్ కన్జర్వేటరీ అనే పెద్ద గాజు ఇల్లు కట్టాడు, 1841కి పూర్తయింది. 277 అడుగుల పొడవు, 61 అడుగుల ఎత్తు. ఎనిమిది బాయిలర్లతో వేడి చేసేవారు, బొగ్గు కనపడకుండా భూమి లోపల సొరంగంలోంచి తెచ్చేవారు. 1843లో విక్టోరియా రాణి వస్తే వేల దీపాలు వెలిగించి, గుర్రబ్బండిలోనే లోపలంతా తిప్పారు. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు లేక మొక్కలన్నీ చలికి చచ్చిపోయాయి, 1920లో పేల్చి పడగొట్టారు. ఇప్పుడు ఆ పునాది గోడల మధ్య యూ చెట్లతో చిక్కుదారి ఉంది, పిల్లలు పరుగులు పెడుతుంటారు. నాన్న లోపలికి వెళ్ళలేదు, గోడ పొడవునా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. "మన ఎండలో ఊరికే కాసే చెట్టుకు ఈళ్ళు బొగ్గు పోసి కాపలా కాసినారే" అని అమ్మకి చెప్తున్నారు. తోటపని చేసే మనిషి ఇంకో తోటమాలి కష్టాన్ని చూసే చూపు అది, నాకు గొంతు పట్టేసింది.

అమ్మకి నచ్చింది మాత్రం రాళ్ళ మధ్య ఉన్న, రాగి లోహంతో చేసిన చెట్టు ఫౌంటెన్. విల్లో చెట్టులాగే ఉంటుంది, కొమ్మల చివర్ల నుంచి ఉన్నట్టుండి నీళ్ళు చిమ్ముతుంది. విక్టోరియా చిన్నప్పుడు ఇక్కడికొచ్చి దీన్ని చూసి ముచ్చటపడిందట. చీర తడిసినా అమ్మ నవ్వుతూనే ఉంది. పైన పండ్ల, కూరల తోటకి ఎక్కడం కొంచెం కష్టం, కానీ గోడకి ఆనించి కొమ్మలు పరిచి పెంచే పండ్ల చెట్లు రైతుకి చూపించాల్సినవే. మధ్యాహ్నం గడ్డి మీద కూర్చుని పెరుగన్నం, ఆవకాయ తిన్నాం. చుట్టూ పది కుటుంబాలు అలాగే తింటున్నాయి, పక్కన కూర్చున్న పెద్దావిడ ఆవకాయ ఏమిటని అడిగి రుచి కూడా చూసింది.

రెండో రాత్రి గెస్ట్‌హౌస్ రద్దు చేసుకుని షెఫీల్డ్ వెళ్ళిపోయాం. స్టేషన్ దగ్గర మామూలు హోటల్, 79 పౌండ్లు, ముగ్గురికి మూడు మంచాలు, లిఫ్టు, కింద మైక్రోవేవ్. షెఫీల్డ్ నుంచి బేక్‌వెల్ వెళ్ళే 218 నంబరు బస్సు చాట్స్‌వర్త్ మీదుగా వెళ్తుంది, మేం మనిషికి 3 పౌండ్లు ఇచ్చాం. పల్లెలో ఉంటే అందంగా ఉంటుందని ఫోటోలు చూసి ఆశపడకండి, కారు లేకపోతే టాక్సీలకే డబ్బంతా పోతుంది, సాయంత్రం తిండి దొరకదు. సాయంత్రం చివరి బస్సు టైము మాత్రం పొద్దున్నే చూసి పెట్టుకోండి. బేక్‌వెల్ పుడ్డింగ్ అనే ఆ ఊరి మిఠాయి కొనేవాళ్ళు ఇంట్లో శాకాహారులుంటే గుర్తుంచుకోండి, అందులో గుడ్డు ఉంటుంది.

నలభై పౌండ్ల సంగతి నేను వదల్లేదు. కింది గది ఇస్తామన్న జవాబు, రూల్స్ పేజీ, ఆ మెట్ల ఫోటో, మూడూ పెట్టి బుకింగ్ సైట్‌కి ఫిర్యాదు చేస్తే వారం తర్వాత నలభై వెనక్కొచ్చాయి. మడతమంచం పదిహేను కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.