జీప్ డోర్లు తీసి పెట్టడం: ఒక్కరా, ఇద్దరా, ట్రాలీయా? ఏది మేలు?

జీప్ రాంగ్లర్, ఫోర్డ్ బ్రాంకో లాంటి, డోర్లు ఊడదీసి నడపగలిగే బండి తీసుకున్నవాళ్లు ఎండలు మొదలయ్యేసరికి అడిగే ప్రశ్న ఒకటే. "డోర్లు తీయడానికి పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందేనా, ఒక్కడినే కానిచ్చేయొచ్చా?" దాని వెనకే ఇంకోటి: "డోర్ ట్రాలీ కొంటే సుఖమా, దండగా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించింది.

టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపు కొస ఉన్న స్క్రూడ్రైవర్ ముక్క) అంటే ఏమిటి, కనెక్టర్ (డోర్ వైర్లు బండి వైర్లతో కలిసే ప్లగ్గు) ఎక్కడుంటుంది లాంటివి మీకు తెలిసే ఉంటాయి. తెలియకపోతే బండితో వచ్చిన మాన్యువల్లో బొమ్మలతో సహా ఉన్నాయి. ఇక్కడ తేల్చాల్సింది ఎవరు మోయాలి, ఎలా మోయాలి అన్నదే.

అందరూ తీయడం గురించే అడుగుతారు. నన్నడిగితే అసలు పరీక్ష పెట్టేటప్పుడు.

రాంగ్లర్‌లో డోర్ వైపు హింజ్‌కి (డోర్ తిరిగే కీలుకి) కిందికి దిగే పిన్ను ఉంటుంది, బాడీ వైపు హింజ్‌కి అది దిగే రంధ్రం ఉంటుంది. తీసేటప్పుడు పిన్నులు ఎలాగూ రంధ్రాల్లోనే ఉంటాయి కాబట్టి నిలువుగా పైకెత్తితే చాలు, బయటికి వచ్చేస్తాయి. పెట్టేటప్పుడు అలా కాదు. చేతుల్లో బరువు పెట్టుకుని పైనొకటి, కిందొకటి, రెండు పిన్నులనూ వాటి రంధ్రాలకు ఎదురుగా తేవాలి. ఆ కాసేపూ డోర్ ఏ వైపుకీ వాలకూడదు.

చిక్కంతా హింజులు ఉన్న చోటులో ఉంది. అవి డోర్ బయటి ముఖం మీద ఉంటాయి. ఎత్తేవాళ్లు ఎక్కువగా నిలబడేది లోపలి ముఖం వైపు. అద్దం దించిన కిటికీలోంచి మెడ చాచి చూస్తే పై హింజ్ కనిపిస్తుంది. కిందిది డోర్ రేకుకి అవతల ఉంటుంది. బరువు మోస్తున్న మనిషికి అది కనిపించదు. చేతుల్లో ఎంత సత్తువ ఉన్నా ఈ ఇబ్బంది తీరదు. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను: కింది పిన్నును చూస్తున్నది ఎవరు?

ముందు ఒంటరి పద్ధతి. దీన్ని తీసిపారేయడానికి లేదు. 2018 మోడల్‌తో వచ్చిన జేఎల్ తరం రాంగ్లర్ డోర్లు అల్యూమినియంవి, పాత తరాల డోర్లతో పోలిస్తే తేలిక. నడుం నొప్పి లేని మనిషి ముందు డోర్‌ని ఒక్కడే ఎత్తి గోడ దాకా మోసుకెళ్లగలడు. ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేదు, ఆదివారం పొద్దున్నే ఎవరినీ నిద్ర లేపక్కర్లేదు.

అయితే పట్టు కుదరాలి. ఒక చెయ్యి కిటికీలోంచి, అద్దం దిగే గాడి దగ్గర. రెండోది డోర్ కింది అంచున, సరిగ్గా మధ్యకి కాకుండా కాస్త హింజ్ వైపుకి. సైడ్ మిర్రర్‌ని పట్టుకుని ఎత్తకండి, ఆర్మ్‌రెస్ట్‌నీ అంతే, అవి డోర్ బరువు మోయడానికి పెట్టినవి కావు. అద్దం ముందే పూర్తిగా దించేయాలి. ఇక చెక్ స్ట్రాప్ (డోర్ మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీ) విప్పాక డోర్‌కి ఆపు అంటూ ఉండదు, ఎంత దూరమైనా తెరుచుకుంటుంది. ముందుకు మరీ ఊగిందంటే మిర్రర్ వెళ్లి బాడీకి తగులుతుంది. ఒంటరిగా చేసేవాళ్ల బళ్ల మీద విండ్‌షీల్డ్ కింది మూలల్లో కనిపించే గీతల్లో చాలావరకు ఇలా పడ్డవే. స్ట్రాప్ విప్పిన దగ్గర్నుంచి డోర్ మీద ఒక చెయ్యి ఉంచడమే దీనికి మందు.

పెట్టేటప్పుడు ఒంటరివాళ్లకి రాంగ్లర్ ఒక మేలు చేసింది. రెండు పిన్నుల్లో పైది పొడుగు. కాబట్టి రెంటినీ ఒకేసారి గురి చూడక్కర్లేదు. పై పిన్ను కొసను ముందు రంధ్రంలోకి చేర్చి, డోర్‌ని అలాగే గాల్లో నిలిపి, కింది పిన్ను ఎదురుగా వచ్చేదాకా అడుగు భాగాన్ని మెల్లగా కదపాలి. వినడానికి బాగానే ఉంటుంది. చేసేటప్పుడు ఆ "గాల్లో నిలపడం" దగ్గరే ప్రాణం మీదికొస్తుంది. చేతులు కాస్త అలిసి డోర్ వాలితే బరువంతా ఆ పిన్ను కొస మీద పడుతుంది, కింది పిన్ను బాడీ వైపు హింజ్ పెయింట్‌ని గీరుతుంది. గీత చిన్నదే కావచ్చు. కానీ అల్యూమినియం, ఉక్కు బోల్టు కలిసే చోట పెయింట్ పోయి తడి చేరితే అల్యూమినియంని తుప్పు తినేయడం మొదలవుతుంది. ఆ తర్వాత చుట్టూ పెయింట్ పొంగుతుంది. ఒక్క డోర్‌కి మిగిల్చుకున్న పది నిమిషాలు ఇలా వసూలవుతాయి.

గాలి ఉన్న రోజున మాత్రం ఒంటరిగా వద్దు. చేతుల్లో తెరచాప పట్టుకున్నట్టే.

ఇక ఇద్దరు. "ఇద్దరైతే చెరో చివర పట్టుకుని ఎత్తేయడమే కదా" అంటారు. చాలామంది చేసేదీ అదే, ఇద్దరున్నా ఇబ్బంది పడేదీ అందుకే. ఇద్దరూ మోస్తుంటే ఇద్దరికీ కింది పిన్ను కనిపించదు. పైగా ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయితే డోర్ ఒక పక్కకి ఒరుగుతుంది. ఒరిగిన డోర్ పిన్ను రంధ్రంలోకి దిగదు, అంచుకి తన్నుకుంటుంది.

నేను చెప్పేది వేరే ఏర్పాటు. బరువు ఒకరిది, చూపు ఇంకొకరిది. మోసే మనిషి లోపలి వైపు, ఒంటరిగా చేస్తే ఎలా పట్టుకుంటారో అలాగే. రెండో మనిషి హింజుల దగ్గర, బయటి వైపు గొంతుక్కూర్చుంటాడు. ఒక చేత్తో డోర్ కింది ముందు మూలకి ఊతమిస్తాడు, రెండో చేత్తో డోర్‌ని అటో ఇటో నెడతాడు. వేళ్లు మాత్రం రెండు హింజుల మధ్యకి పోకూడదు. దిగేటప్పుడు డోర్ ఒక్కసారిగా దిగుతుంది, వేలు తీసుకునే వ్యవధి ఉండదు.

మాట కూడా కూర్చున్నవాడిదే. "బావా, ఆగు. నీ వైపు కొంచెం దించు. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు ముందుకి... ఆ, వదిలెయ్ మెల్లగా." మోసేవాడు వినడమే, ఎదురు మాట్లాడకూడదు. ఇద్దరూ ఆర్డర్లు వేస్తే రెండో డోర్ దగ్గరికి వచ్చేసరికి మాటలు ఉండవు.

ఆ కూర్చున్న మనిషి వల్ల ఇంకో రెండు లాభాలు. డోర్ నుంచి వేలాడే వైరింగ్ తోక సరిగ్గా దిగే క్షణంలోనే డోర్‌కీ బాడీకీ మధ్య చిక్కుకుంటుంది. మోసేవాడు దాన్ని చూడలేడు, రెండోవాడు పక్కకి తప్పిస్తాడు. అలాగే మిర్రర్ బాడీకి ఎంత దగ్గరగా వస్తోందో కూడా అతనికే తెలుస్తుంది. దీనికి కండబలం అక్కర్లేదు కాబట్టి, రెండో మనిషిగా బరువులు ఎత్తలేనివాళ్లు కూడా పనికొస్తారు. నా మాట ఎటు మొగ్గుతోందో ఇప్పటికే అర్థమై ఉంటుంది.

లోటు లేదని కాదు. రెండో మనిషి ఫోన్ చూసుకుంటూ నిలబడే రకమైతే ఒంటరిగా చేసుకోవడమే నయం.

ట్రాలీ సంగతి. చక్రాల మీద నిలబడే చట్రం, డోర్‌ని నిలువుగా పట్టి ఉంచుతుంది. కొనేవాళ్లు ఎక్కువగా బరువు తప్పుతుందని కొంటారు. బరువు తప్పడం కంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది: డోర్‌ని అది పట్టుకుని ఉంటే మీరు వెళ్లి కింది పిన్ను ముందు కూర్చోవచ్చు. అంటే రెండో మనిషి పని మీరే చేస్తారు, మోసే పని ట్రాలీది. కానీ ఇది ఎత్తు సన్నసన్నగా మార్చుకునే ట్రాలీలకే వర్తిస్తుంది, స్క్రూ తిప్పో పెడల్ తొక్కో కొంచెం కొంచెంగా పైకీ కిందికీ జరిపేవి. ఎత్తు మారని ట్రాలీ అయితే చివరి రెండు మూడు అంగుళాలు మళ్లీ మీ చేతులతోనే ఎత్తాలి. కష్టమైన భాగమే ఆ రెండు మూడు అంగుళాలు. అలాంటిది డోర్లు దాచుకునే స్టాండ్‌గా పనికొస్తుంది, అంతకుమించి కాదు.

నేల కూడా చూసుకోండి. నున్నటి గచ్చు మీద ట్రాలీ చెప్పిన మాట వింటుంది. కంకర మీద, గడ్డి మీద, వాలు మీద చక్రాలు మొరాయిస్తాయి, డోర్ ఊగుతుంది. రెండు డోర్ల బండికి ట్రాలీ అనవసరమని నా అభిప్రాయం. నాలుగు డోర్ల బండి, తరచూ తీసి పెట్టే అలవాటు, సాయానికి మనిషి దొరకని ఇల్లు, ఈ మూడూ కలిస్తే ఎత్తు మార్చుకునే ట్రాలీ మంచి ఖర్చే.

గ్యారేజీ పైకప్పు నుంచి వేలాడే హాయిస్ట్ (బరువులెత్తే పరికరం) హార్డ్‌టాప్‌కి, అంటే బండి గట్టి టాప్‌కి, బాగుంటుంది, డోర్లకి ఊగుడెక్కువ. డోర్ కింద జాకీ, దాని మీద చెక్క పెట్టి ఎత్తడం గురించి అడిగారు, వద్దు. హింజ్‌నే బాడీ నుంచి విప్పేస్తే సులువు కదా అని ఇంకొందరు. అలా విప్పితే డోర్ అమరిక పోతుంది, తర్వాత సందులు సరిచేసుకోవడానికి రోజంతా పడుతుంది.

ఏ బండి అన్నదాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. 2021లో మళ్లీ వచ్చిన బ్రాంకోలో డోర్లకి కిటికీ చుట్టూ ఫ్రేమ్ ఉండదు, మిర్రర్లు డోర్ మీద కాకుండా బాడీ మీద ఉంటాయి. అంటే చేతిలో ఉన్నది పొట్టి డోర్, బయటికి పొడుచుకొచ్చే మిర్రర్ లేదు. నాలుగు డోర్ల బ్రాంకోలో తీసిన డోర్లు బండి వెనకే సర్దుకోవచ్చు కాబట్టి దారి మధ్యలో తీసి పెట్టడమూ ఉంటుంది. ఒంటరి పద్ధతికి రాంగ్లర్ కంటే బ్రాంకోయే అనుకూలం, ఇందులో మొహమాటం లేదు. రాంగ్లర్‌లో డోర్‌తో పాటు మిర్రర్ కూడా పోతుంది. చాలాచోట్ల డ్రైవర్ వైపు మిర్రర్ లేకుండా రోడ్డెక్కడం నేరం కాబట్టి విడిగా బిగించేవి దగ్గరుంచుకోవాలి. అసలు డోర్లు లేకుండా నడపడం ఆఫ్‌రోడ్‌కే పరిమితం చేయమని రాంగ్లర్ మాన్యువలే చెబుతుంది.

రెండు బళ్లలోనూ విండో స్విచ్చులు డోర్ మీద కాకుండా మధ్యలో ఉంటాయి. డోర్లు తీసేస్తారని ముందే ఊహించి పెట్టినవి. డోర్లు లేనప్పుడు కూడా అలవాటు కొద్దీ వాటిని నొక్కేవాళ్లను చూశాను, చూడ్డానికి సరదాగా ఉంటుంది.

తీశాక ఎక్కడ పెడతారన్నదీ పెట్టేటప్పటి కష్టాన్ని నిర్ణయిస్తుంది. నేల మీద దుప్పటి పరిచి నిలబెడితే, మళ్లీ నేల నుంచి ఎత్తాలి, నడుం వంచాలి. గోడకి బ్రాకెట్ కొట్టి బండి మీద ఉండే ఎత్తులోనే వేలాడదీస్తే వంగే పనే ఉండదు, ఒంటరివాళ్లకి ట్రాలీ కంటే ముందు ఇదే చెబుతాను. పడుకోబెట్టడం మాత్రం వద్దు. బయటి ముఖం కిందికి వస్తే మిర్రర్ మీద బరువు పడుతుంది.

కాబట్టి నా పద్ధతి: తీసేటప్పుడు ఒక్కరు చాలు, పెట్టేటప్పుడు ముందు డోర్లకి ఇద్దరు. వెనక డోర్లు చిన్నవి, పెట్టేటప్పుడూ ఒంటరిగా అయిపోతాయి. కాకపోతే ముందు డోర్ల కంటే వాటినే ముందు పెట్టండి. ముందు వాకిలి ఖాళీగా ఉంటే మధ్య స్తంభం దగ్గర నిలబడటానికి చోటుంటుంది, ముందు సీటు జరిపితే కనెక్టర్ కూడా చేతికి అందుతుంది.

డోర్ దిగగానే హింజ్ బోల్టులు బిగించేయకండి. మొదట చెక్ స్ట్రాప్ తగిలించి, కనెక్టర్ పెట్టి, అద్దం, లాక్, మిర్రర్ మూడూ పనిచేస్తున్నాయో లేదో చూసి, కనెక్టర్‌ని కప్పే ప్లాస్టిక్ మూత ఆ తర్వాత వేయండి. రాంగ్లర్ హింజ్ మీదే టీ50 అని బిట్ సైజు అచ్చువేసి ఉంటుంది. గాడిలో మట్టి ఉంటే దులిపి, బిట్ పూర్తిగా దిగాకే తిప్పండి, లేదంటే తల అరిగిపోతుంది. బిగించడంలో బలం చూపించొద్దు. పిన్ను బయటికి రాకుండా ఆపడమే ఆ బోల్టు పని, డోర్ బరువు మోసేది హింజ్. మొదటిసారి గతుకుల దారిలో తిరిగి వచ్చాక ఇంకోసారి పానా వేసి చూసుకోండి, ఏదైనా వదులైతే అప్పుడే తెలుస్తుంది.