కెరీర్ సలహా కేంద్రం, అమీర్‌పేట: ఒక్క నక్షత్రం

బీఎస్సీ నర్సింగ్ తర్వాత మానసిక ఆరోగ్య విభాగంలోకి వెళ్లాలని నా కోరిక. సలహా కోసం 500 రూపాయలు కడితే, 10 నిమిషాల్లో ‘ఆ పిచ్చాసుపత్రి ఉద్యోగం మీకెందుకమ్మా, జర్మనీ వెళ్లండి’ అని పంపేశారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. రిజిస్టర్డ్ నర్సులకు మనోవైద్య నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా (నర్సింగ్ చదువు తర్వాత చేసే కోర్సు) ఉందని, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య నర్సులను ప్రత్యేకంగా గుర్తించిందని ఒక్క ముక్క చెప్పలేదు.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో శిక్షణ రోజుల్లో, అన్నం ముట్టని ఒక పెద్దావిడ పక్కన సిస్టర్ గారు నేలమీదే కూర్చున్నారు. చేతిలో పెరుగన్నం పళ్లెం. బతిమాలలేదు, ఆమె ఊరి సంగతులు అడిగారంతే. కాసేపటికి పెద్దావిడే చెయ్యి చాచి ముద్ద తీసుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. నేను నేర్చుకోవాలనుకున్నది ఇదే. డిప్లొమాకే దరఖాస్తు పెడుతున్నాను.